ఓడిన బోర్డు కర్ర

ఆఫీస్ పనిమీద అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఉన్నాను. 1980 ప్రెసిడెంట్ ఎన్నికల మర్నాడు నన్ను కార్‌లో తీసుకెళ్లడానికి లండన్ కొలీగ్ వచ్చాడు. మా ఓనరమ్మ ఏడ్చిన కళ్లతో, ఇంటిముందు గడ్డిలో పాతిన ఓడినాయన పేరున్న ఎన్నికల బోర్డు పీకుతోంది.

లండనాయన ఒకటే నవ్వు. "పోయి పోయి సినిమా యాక్టర్‌ని ఎన్నుకున్నారేంటండీ?"

ఆవిడ నిటారుగా నిలబడింది. "ఆయనకి నేను ఓటెయ్యలేదు. నాలుగేళ్లూ తిడతాను. కానీ గెలిచాడు కాబట్టి మా ప్రెసిడెంటే. మీరు నవ్వడానికి వీల్లేదు."

లండనాయన టోపీ తీసి సారీ చెప్పాడు. నాకైతే ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

బోర్డు అట్ట ఊడదీసి పడేసి, కర్రకంటిన మట్టి శుభ్రంగా తుడిచి గరాజ్‌లో పెట్టింది. అదీ పడెయ్యొచ్చుగా అన్నాను.

"ఎందుకు? వచ్చే ఎన్నికలకి పేరేగా మారేది!"