అత్తమ్మ కట్టెల కుప్ప

పోయిన శ్రావణంలో, ముసురు వదలకుండా పట్టిన రోజుల్లో, కచేరీలో కూర్చుని నకలు రాసుకుంటుంటే కట్టెల సాయిబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సిద్దిపేటలో సగం పొయ్యిలు ఆయన బండ్ల మీద వచ్చే కట్టెలతోనే మండుతాయి. తలమీద గోనెసంచి కప్పుకుని ఉన్నాడు, గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇంటికి నడువుండ్రి సాబ్. మీ అత్తమ్మ పోయింది," అన్నాడు. నేను కలం కింద పెట్టేలోపే మళ్ళీ అన్నాడు. "కట్టె చూసి బండి కట్టమంటరా? ఇయ్యాల మన నడుమ బేరం లేదు."

"వద్దు సాయిబూ, ఇంట్ల ఉన్నయి," అన్నాను. అనైతే అన్నాను గానీ నా గుండెలో రాయి పడింది. కట్టెలు ఉన్నమాట నిజమే. అవి బాగా ఎండాయో లేదో మాత్రం నాకు తెలియదు. చావుకబురు విన్న మనిషికి ఇదేం బెంగ అనుకుంటారేమో. మా అత్తమ్మ సంగతి తెలిస్తే అనుకోరు.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మామ పోయాక, మగదిక్కు లేని ఇంటికి ఒక్కగానొక్క కూతురి మొగుడిగా వచ్చాను. మాలో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదు. కొంగు కప్పుకుని తలుపు చాటుకు పోవాలి, చెప్పవలసింది కూతురితో చెప్పించాలి. కానీ కూతురు బావికి పోయినంతసేపూ నోరు మూసుకుని కూర్చోవడం మా అత్తమ్మకు చేతనయ్యే పని కాదు. అందుకని ఆమె గొడ్డలితో మాట్లాడేది. దొడ్లో చూరు కింద గోడకు ఆనించి ఉండేది ఆ గొడ్డలి. మొహం దానివైపు, మాట నావైపు.

వచ్చిన కొత్తలో, ఇంటి మగవాణ్ణి అనిపించుకోవాలని, సాయిబు దగ్గర బండెడు మొద్దులు కొని దర్జాగా దొడ్లో దింపించాను. ఒక్కొక్కటి నా నడుమంత లావు. అత్తమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. మొద్దు మీద గోరుతో గీరింది. తర్వాత గొడ్డలివైపు తిరిగింది.

"వినవే గొడ్డలీ. అల్లుని గారు కట్టె కొన్నరో, నీళ్ళు కొన్నరో జర అడుగు. నీళ్ళు మన బాయిల లేవా?"

అంతటితో ఆగిందా? తను కొట్టి ఎండబెట్టిన తుమ్మకట్టెలు రెండు తెచ్చి ఒకదానికొకటి తాకించింది. ఖంగుమన్నాయి. నా మొద్దుల మధ్య పడిన చిన్న కొమ్మలు రెండు తీసి తాకించింది. తడిబట్ట మీద గుద్దినట్టు దబ్బుమన్నాయి.

నాకూ ఒళ్ళు మండింది. నేనూ గొడ్డలికే చెప్పాను. "గొడ్డలీ, ఊరంత కొనుక్కోనే బతుకుతున్నది. చెలకల పడి చేతులు బొబ్బలెక్కంగ కొట్టుకుంటే ఏం పుణ్యమొస్తదో చెప్పుమను."

"పుణ్యం రాదు గొడ్డలీ, మంట వస్తది," అని కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

మా వాదన ఏళ్ళ తరబడి అలాగే సాగింది. బిందెతో తిరిగొచ్చిన నా భార్య గడపలోనే నిలబడి నవ్వేది. "ఆ గొడ్డలికి కాళ్ళుంటే ఎప్పుడో పుట్టింటికి పోతుండె," అనేది. పోనీ అత్తమ్మకు సాయిబంటే కోపమా అంటే అదీ లేదు. ఆయన ఎప్పుడొచ్చినా చెంబెడు సల్ల ఇచ్చేది. ఇస్తూ ఇస్తూ, "నీ ఎడ్లు బక్కచిక్కినయి సాయిబూ. కట్టెలు మోసి కాదు, నీళ్ళు మోసి," అనేది. ఆయన మీసాలకంటిన సల్ల తుడుచుకుంటూ, "నీ అసుంటోళ్ళు ఇంకో నలుగురుంటే నేను బండి అమ్ముకోవాలె అమ్మా," అని పగలబడి నవ్వేవాడు.

ఎండకాలం వస్తే ఆమెను ఇంట్లో ఆపడం ఎవరి తరమూ కాదు. చెలక గట్టు మీది తుమ్మకొమ్మలు కొట్టేది. ముళ్ళకంప దడికి వేసేది, కట్టె ఇంటికి తెచ్చేది. అందులో మేలైనవి ఏరి చూరు కింద వేరే కుప్ప పేర్చేది. ఆ కుప్ప మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఎందుకు దాస్తున్నట్టని ఒక ముసురు రోజున గొడ్డలిని అడిగాను.

"గొడ్డలీ, అల్లుని గారి మామను సాగనంపిన నాడు గిట్లనే ముసురు," అంది అత్తమ్మ. ఎప్పుడూ ఉండే ఎకసెక్కం ఆ గొంతులో లేదు. "కొన్న కట్టె, పచ్చిది. ఒక్కటే పొగ. పొగకు ఏడ్చినమో, మనిషి పోయిండని ఏడ్చినమో మాకే ఎరుక కాలే. నన్ను పంపేటప్పుడు పొగ రావద్దు. ఏడిస్తే నిజంగ ఏడ్వాలె. ఏడుపు రానోళ్ళు నిమ్మళంగ ఇంటికి పోవాలె." ఆ చివరి మాట అనేసరికి మళ్ళీ నవ్వు మొహమే.

ఆ కుప్ప ఆమెకు దక్కనిచ్చింది కాదు, పుడుతూనే మా అమ్మాయి. యుద్ధం రోజులు, గాసునూనె చుక్క దొరకడం లేదు. కుండపోతగా కురుస్తున్న వానలో, తెల్లవారీ తెల్లవారకముందే నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. వేడినీళ్ళు కావాలని మంత్రసాని లోపలినుంచి ఒకటే కేక. పొయ్యిలో నేను కొత్తగా కొన్న బండి మొద్దులు బుస్సుమంటున్నాయే గానీ అంటుకోవు. వాటి కొసలనుంచి నురగ కారుతున్నది. ఊదుగొట్టంతో ఊది ఊది నా కళ్ళు చింతనిప్పులయ్యాయి.

అంతలో అత్తమ్మ చూరు కింది కుప్పలోంచి రెండు చేతులనిండా కట్టెలు తెచ్చి నా ముందు పడేసింది. నేను అలవాటు కొద్దీ గొడ్డలికే చెప్పాను. "గొడ్డలీ, అవి అత్తమ్మ దాసుకున్నవి గద..."

ఆమె కొంగు తీసి నడుముకు చెక్కుకుంది. నా కళ్ళలోకి సూటిగా చూసింది. అదే మొదటిసారి.

"గొడ్డలికేం ఎరుక? నాతోని చెప్పుండ్రి! నేను పోవుడు ఎన్నడో, పిల్ల వచ్చుడు ఇప్పుడు. ఏం జూస్తున్రు? అంటియ్యిండ్రి!"

అంటించాను. భగ్గుమంది. మధ్యాహ్నానికల్లా ఇంట్లో పసిదాని ఏడుపు వినిపించింది. అత్తమ్మ మళ్ళీ కొంగు కప్పుకుని గొడ్డలి దగ్గరికి పోయి, "ఆడపిల్లనే. నోరు మాత్రం నాదే," అని చెప్పి వచ్చింది. బాలింత స్నానాలకూ బిడ్డ స్నానాలకూ ఆ వానకాలంలోనే కుప్పంతా ఊడ్చుకుపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని వాడకట్టు వాళ్ళు నన్ను ఆటపట్టించారు.

ఆ తర్వాత ఆమె చేతుల్లో సత్తువ తగ్గింది. గొడ్డలి ఎత్తబోయి దింపేసేది. ఖాళీ చూరువైపు ఒకసారి చూసి ఊరుకునేది. గొడ్డలితో కూడా ఏమీ అనేది కాదు. నాకు అది తట్టుకోలేనంత కష్టమనిపించింది.

ఎండకాలం రాగానే గొడ్డలి భుజాన వేసుకుని నేనే చెలకకు పోయాను. ఆమె మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నా మొదటి దెబ్బ కొమ్మకు తగలనే లేదు. "గొడ్డలీ, జర సూసుకొని పడు. మనం కొట్టేది కట్టె, అల్లుని గారి కాలు కాదు," అంది. పక్క చెలక వాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా కొట్టాను. కుప్ప పేర్చాను. ఆమె వారానికోసారి రెండు కట్టెలు తీసి తాకించి వినేది. "ఇంక ఎండాలె," అనేది. మంచం పట్టేదాకా అదే మాట. ఇక చాలని ఒక్కసారైనా అనలేదు.

అందుకే ఆ రోజు నాకంత బెంగ. సాయిబు బండిలోనే కట్టెలు వల్లకాటికి చేరవేశాం, పైన గోనెలు కప్పి. "నా బండి మీద నాది కాని కట్టె ఎక్కుడు ఇదే మొదలు," అన్నాడు ఆయన. కొడుకులు లేని ఇల్లు కాబట్టి నిప్పు పెట్టవలసింది నేనే. పెట్టేముందు రెండు కట్టెలు తీసి తాకించాను. ఖంగుమన్నాయి. నా ప్రాణం లేచి వచ్చింది.

ముసురు కాసేపు తెరిపిచ్చింది. మంట నిలువుగా లేచింది. పక్కన సాయిబు గోనెసంచి కొసతో కళ్ళు తుడుచుకుంటూ, "పొగ, సాబ్," అన్నాడు.

"పొగ ఏడున్నది సాయిబూ?" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. ఇంకోసారి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చి స్నానం చేసి దొడ్లోకి పోయాను. మళ్ళీ వాన మొదలైంది. కుప్ప ఉన్నచోట నేల మాత్రం పొడిగా ఉంది. చూరునీళ్ళకు కాస్త ఇవతలగా, గోడకు ఆనుకుని గొడ్డలి ఉంది. ఆమె నిలబడే చోటే నిలబడ్డాను.

"వినవే గొడ్డలీ," అన్నాను. "అత్తమ్మకు చెప్పు. పొగ రాలే. మేమందరం నిజంగనే ఏడ్చినం."