కోటో, గోడో

మా మేనమామ తమిళనాడులోని ఉడుమలైపేట నూలుమిల్లులో ఫిట్టరు. మిషన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఏం చెడిందో చెప్పేవాడు. కొత్త మిషన్ల పని నేర్చుకోవడానికి వెళ్లి ఇటలీలో ఒక కొండమీది ఊళ్లో మూడు నెలలున్నాడు. తిరిగొచ్చాక ఆ ఊరివాళ్లను "మనోళ్లు" అనే అనేవాడు.

"ఇను కన్నూ, మనోళ్లల్లో ఒకాయనకి చెవుడు. ఊరి గంట ఆయనే పోత పోసినాడంట. చెయ్యి ఆనించి, అదురు సూసి, బాగుండాదని సెప్పినాడంట."

"వాళ్లు మనోళ్లెట్ల మామా?"

"నేనుండిన ఇంటి అవ్వ ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష మాట్లాడతాది, మన తెలుగూ తమిళం మాదిరి. ఇంక మనోళ్లు కాక ఎవురు?"

ఆ ఊరి చరిత్రంతా నోటుబుక్కులో రాశాడు. బడిలో నేర్చింది తమిళ అక్షరాలే కాబట్టి తెలుగు మాటల్ని ఆ లిపిలోనే రాశాడు. అందులో క-గలకీ, ట-డలకీ ఒకే అక్షరం, కోటకీ గోడకీ ఒకటే రాత. మొదటి పేజీ నేను పైకి చదివాను. "కొండ మింద మనోళ్లు కోట కట్టినారు."

"గోడ కన్నూ! కోట రాజు కట్టుకుంటాడు. ఊరోళ్లు కట్టింది గోడ."

మామ పోయి రెండేళ్లయింది. నిన్న మధ్యాహ్నం చివరి పేజీకి వచ్చాను. అక్కడ మళ్లీ అదే మాట ఉంది. "మనోళ్ల కోట ఇంకా నిలిచుండాది" అని చదవాలా, "గోడ" అని చదవాలా? అడగడానికి ఎవరూ లేరు.

ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాను.