తెల్ల జాగాలో తెల్ల అక్షరాలు

టైపు సారు పోయిన వార్త టైపు సారు ఫోన్ నుంచే వచ్చింది. పొద్దున మూడుసార్లు మోగింది. నేను ఎత్తలేదు. ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు సిగ్గు. తొర్రూరు పోయినప్పుడు ఎలాగూ చెబుతారులే అనుకున్నాను. నాలుగోసారి ఎత్తితే ఆయన భార్య.

"పోస్టన్నా, మీ సారు లేడే. తెల్లారంగ చాయ్ అడిగిండు. తెచ్చేవరకు పోయిండు."

నేను "ఆఁ" అన్నాను. 

ఆయన తొర్రూరులో టైపు నేర్పేవారు. మిషన్ల కాలం పోయాక అదే గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ చేశారు. వేళ్ళు మాత్రం మారలేదు. కీబోర్డు మీద కూడా పాత మిషన్ మీద కొట్టినట్టే కొట్టేవారు, చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. ఒక లైను అయిపోతే ఎడమ చెయ్యి దానంతట అది గాలిలోకి లేచేది, లేని క్యారేజీని నెట్టడానికి. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం.

నేను జఫర్‌గఢ్ దగ్గరి పల్లెల్లో ఉత్తరాలు పంచి రిటైరైనవాణ్ణి. ఊరి బడి చదువు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు మా రక్తదాన సంఘం కోసం నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. తెలంగాణ ఉద్యమంలో బంద్ అంటే బస్సు కదలదు. అలాంటి రోజున ఎవరికైనా రక్తం కావాలంటే ఏ గల్లీలో ఎవరున్నారో తెలియాలి. నా నోట్‌బుక్ చూసి, ఇది నెట్‌లో ఉండాలన్నది సారే.

మొదట మా సంఘం అధ్యక్షుడు ఫ్లెక్సీలు వేసేవాడితో వెబ్‌సైటు చేయించాడు. పైన ఆయన ఫొటో, చుట్టూ తిరిగే పూలు, అడ్డంగా పరుగెత్తే "సుస్వాగతం". మూడు ఊళ్ళకు మూడు పేజీలు, మూడింటికీ పేరు సుస్వాగతమే. రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లన్నీ కలిపి ఒక పెద్ద ఫొటోగా అతికించారు. అది తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు.

సారు లవంగం ఉమ్మేశారు. "పోస్టన్నా, గివి మన కండ్లకు పేర్లు. కంప్యూటర్‌కు గోడ మీది బొమ్మ. దేవులాడితే ఎట్ల దొరుకుతయి? ఇంక సుస్వాగతమట! రక్తం లేక సచ్చేటోనికి స్వాగతమేందే, పెండ్లికొచ్చిండా?"

పన్నెండు రోజులు కూర్చుని అన్నీ మళ్ళీ కొట్టారు. నేను చదివాను, ఆయన కొట్టారు. మధ్యలో ఆగి అడిగారు.

"నీ చెల్లె దవాఖానల ఉన్నదనుకో. నెట్ల ఏమని కొడుతవ్?"

చెప్పాను. "జనగామల రక్తం ఎవరిస్తరు అని."

"గదే! గదే పేజీకి పేరు. సంఘం పేరు కింద చిన్నగ పెడదాం. ఆపదల ఉన్నోడు మనల్ని చూడ రాడు, మనిషిని దేవులాడ వస్తడు."

ఆ మాటలతో వెతికితే మా పేజీ మొదట వచ్చేది. పైన సారు ఫోన్ నంబరు. ఏ వేళ మోగినా ఆయన ఎత్తేవారు.

ఇక్కడి నుంచి రాయాలంటే నాకు రోతగా ఉంది. అయినా రాస్తాను.

సారు తల్లి కర్మకు కాళేశ్వరం పోయిన రోజు, అధ్యక్షుడు పట్నం నుంచి ఒకణ్ణి నెట్ సెంటర్‌కు తీసుకొచ్చాడు. వేలమంది చూసేలా చేస్తానన్నాడు వాడు. పేజీ అడుగున సినిమా హీరోయిన్ల పేర్లు కొట్టాడు. పరీక్ష ఫలితాలు, క్రికెట్ స్కోరు. ఆ తర్వాత తెలంగాణ, తెలంగాణ, తెలంగాణ అని లైన్లకు లైన్లు. ఏ మాట కోసం మా పిల్లలు లాఠీ దెబ్బలు తింటున్నారో ఆ మాటను గాలానికి ఎరలా గుచ్చాడు. చివరికి అక్షరాలన్నిటినీ తెల్ల రంగు చేశాడు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు.

"మనుషులకు కనబడవు తాతా. సెర్చ్‌కే కనబడతాయి" అని నవ్వాడు.

నేను నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. నోరు తెరవలేదు.

పేజీ కింద చూసినవాళ్ళ లెక్క పెరిగింది. అధ్యక్షుడు శాలువా కప్పించుకున్నాడు. హీరోయిన్ల కోసం వచ్చినవాళ్ళు రక్తం మాట చూసి వచ్చిన దారినే పోయారు. కొన్ని వారాలకు, ఈ మోసం పసిగట్టి సెర్చ్ మా పేజీని తన జాబితా నుంచి బయటికి నెట్టేసింది. అది మాకు తెలియనే లేదు. మేము రోజూ అడ్రసు కొట్టి తెరిచేవాళ్ళం, తెరుచుకునేది. మా ఇంటికి మాకు దారి తెలియదా? కొత్తవాడిలా వెతికి ఒక్కరం కూడా చూడలేదు.

తర్వాత ఒక బంద్ వచ్చింది. జనగామ దవాఖానలో ఒక అమ్మాయికి కాన్పయింది, రక్తం ఆగలేదు. ఆమె అన్న భూపాలపల్లి బొగ్గుబావిలో పని. బస్సుల్లేక రాలేక, అక్కడి నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికాడు. మా పేజీ రాలేదు. ఎవరో ఎప్పుడో మా పేజీలోని పేర్ల పట్టిక మాత్రం ఎత్తి పెట్టుకున్న నకలు వచ్చింది. దాన్ని మళ్ళీ ముట్టుకున్నవాడు లేడు. అందులో ఒక నంబరు పని చేయలేదు. ఒకటి ఎత్తినవాడు దుబాయిలో ఉన్నానన్నాడు. అలా ఒక్కొక్కటీ కొడుతూ పొద్దున మొదలుపెట్టినవాడు మధ్యాహ్నానికి పట్టిక చివర ఉన్న సారు నంబరు చేరాడు. సారు మా అసలు పట్టిక చూసి ఒక్క ఫోన్ చేశారు. దవాఖాన వెనక గల్లీలోనే ఉండే దర్జీ, పది నిమిషాల్లో నడిచిపోయాడు. చొక్కా చెయ్యి మడిచి పెట్టుకుని వెళ్ళాడు. అలాగే తిరిగొచ్చాడు. అప్పటికే ఆమె లేదు. బిడ్డ ఉంది.

దారులు తెరిచాక ఆ అన్న తొర్రూరు వచ్చాడు. కొట్లాటకు రాలేదు. "మీ పేజీ ఏడ దాగింది సార్?" అని మాత్రం అడిగాడు.

సారు అతని పక్కనే కూర్చుని వెతికారు. నిజంగానే లేదు. పేజీ తెరిచి అడుగు దాకా పోయారు. అక్కడ జానెడు తెల్ల జాగా. మౌసు నొక్కిపట్టి ఊరికే దాని మీద లాగారు. దాక్కున్న మాటలన్నీ నీలంగా లేచాయి, పాత చెక్క ఎత్తితే చెదలు లేచినట్టు. ఆ అన్న లేచి బయటికి పోయాడు.

అధ్యక్షుణ్ణి పిలిస్తే, ఆ శాలువాతోనే వచ్చి, "ఒక్కదానికి గింత లొల్లెందుకు సార్? ఎంతమంది చూసిన్రో లెక్క చూడున్రి" అన్నాడు.

"చూసినోళ్ళల్ల ఒక్కడన్న రక్తమిచ్చిండా?" అన్నారు సారు. "నీ శాలువా తీస్కపో. కంపు కొడుతంది."

తర్వాత నా వైపు తిరిగారు. "ఆనాడు నువ్వీడనే ఉన్నవా?"

తల ఊపాను.

"నోరెందుకున్నదే పోస్టన్నా?"

అంతే. ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఆ చెత్తంతా తుడిచి, క్షమించమని సెర్చ్ వాళ్ళకు రాసి, పేజీ మళ్ళీ కనబడేదాకా నెలలు ఓపిక పట్టారు. రోజూ షాపు తెరవగానే కొత్తవాడిలా వెతికేవారు. అడుగున తెల్ల జాగా మీద ఒకసారి మౌసు లాగేవారు. ఒకటో తారీఖున ప్రతి నంబరుకూ ఫోన్ చేసి, ఊళ్ళో లేనివాళ్ళ పేరు అప్పుడే తీసేసేవారు. "పలకని నంబరు పెట్టుడు పాపమే" అనేవారు.

ఇది చదివేవాళ్ళలో నెట్‌లో పేజీలు నడిపేవాళ్ళుంటే, మీ తెల్ల జాగా మీద కూడా ఒకసారి లాగి చూడండి.

సారు దినాలయ్యాక ఆయన భార్య నా కోసం షాపు తెరిచింది. జనగామల రక్తం ఎవరిస్తరు అని కొట్టాను. మొదటే వచ్చింది. అడుగున లాగాను. శుభ్రంగా ఉంది. పైకి పోతే సారు నంబరు. ఇక పలకని నంబరు.

ఒక్కో అంకె తుడిచాను. అక్కడ నాది కొట్టాను. చివరి అంకె దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

"పోస్టన్నా, నీకు ఫోన్లంటే సిగ్గు గద?" అంది ఆమె.

"ఆఁ" అన్నాను. కొట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎంగిలి చెయ్యి అలాగే గాలిలో ఉంచి, ఎడమ చేత్తో మొదటి మోతకే ఎత్తాను.

"చెప్పు బిడ్డా. ఏ దవాఖాన?"