ఇవ్వని ఏనుగు

నాకు భయం పాలు కాస్త ఎక్కువ. డెబ్బైల చివర్లో బాలానగర్‌లో ఒక కర్మాగారంలో కంప్యూటర్ విభాగంలో చేరిన కొత్తలో అయితే, మేనేజరు దగ్గినా నా పై ప్రాణాలు పైనే పోయేవి. ప్రొబేషన్ ఇంకో నెలలో ముగుస్తుంది. ఆయన సంతకం పెడితే పర్మనెంటు, లేకపోతే పెట్టె సర్దుకుని గుంటూరు రైలెక్కడమే.

సరిగ్గా అప్పుడే కర్మాగారాల మధ్య చదరంగం పోటీ వచ్చింది. చివరి రోజు నా ఆట తేలకుండా ఆగిపోయింది. ఆగిన ఆటల పద్ధతి ప్రకారం అవతలి ఆటగాడు తన తర్వాతి ఎత్తును కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాడు. అందులో ఏముందో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, చెక్‌లో ఉన్న అతని రాజు కదలడానికి ఒకే గడి మిగిలింది. మిగతా ఆట సోమవారం. ఈలోగా ఎవరి సలహా అయినా తీసుకోవచ్చు, అది అందరూ చేసేదే.

నాకు ఒక ఎత్తు తోచింది. నా ఏనుగును అతని శకటుకు ఇచ్చేస్తే, గుర్రం వరుసలో ఉన్న నా బంటుకు దారి దొరుకుతుంది. అది చివరి గడి చేరితే మంత్రి అవుతుంది, ఆట నాది. మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. మూడుసార్లూ గెలిచాను. అయినా ఏనుగును చేజేతులా ఇవ్వడానికి ధైర్యం చాలలేదు.

మేనేజరుకు సంగతి తెలిసి నన్ను పిలిపించారు.

"ఇంత మిషన్ పెట్టుకుని నువ్వు బుర్ర బద్దలు కొట్టుకోవడమేంటయ్యా? దాన్నే అడుగు. అది చెప్పినట్టే ఆడు. మన మిషన్ ఏపాటిదో వాళ్ళకీ తెలియాలి" అన్నారు. సరేనండి అనడం తప్ప నాకు ఇంకో మాట రాదు.

మా విభాగంలో నా పై ఆయన లింగంపల్లి మనిషి. ఖాళీ దొరికితే మిషన్‌కు చదరంగం నేర్పడమే పని. పోటీల్లో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం పావులన్నీ ఏ గడిలో ఉన్నాయో కార్డులకు చిల్లులు కొట్టి మిషన్‌కు ఇచ్చాం. మిషన్ కోసం ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచేవాళ్ళు. మధ్యాహ్నానికి కాగితం బయటికొచ్చింది. ఎందుకో ఏమిటో ఉండదు, ఎత్తు పక్కన ఒక అంకె ఉంటుంది, అంతే. ఆ అంకెల ప్రకారం ఏనుగును ఇస్తే ఘోరమైన ఓటమి. అదే ఏనుగుతో రాజుకు చెక్ చెప్పుకుంటూ పోతే డ్రా.

"అన్నగారూ, ఇస్తే గెలుస్తాననుకున్నానండి" అన్నాను.

"మిషన్ వద్దంటున్నది గద. దానికంటే నీకెక్కువ ఎరుకనా? ఫికర్ చేయకు, చెక్ చెప్పుకుంట పో" అన్నాడాయన.

సోమవారం ఆట బల్ల దగ్గర కూర్చుంటే మేనేజరు వచ్చి నా వెనకే నిలబడ్డారు. కవరు విప్పారు, అనుకున్న ఎత్తే. నా చెయ్యి ఏనుగు మీదికి వెళ్ళి గాలిలో ఆగిపోయింది. నాలుగోసారి లెక్కపెట్టాను. మళ్ళీ గెలిచాను. నా లెక్క తప్పయితే ఆట పోతుంది, ఉద్యోగమూ పోతుంది. కాగితం తప్పయితే నన్ను అనేవాళ్ళెవరు? చెక్ చెప్పాను. పావులన్నీ అవే గళ్ళలోకి మూడుసార్లు తిరిగొచ్చాయి, నియమం ప్రకారం ఆట సమం. డ్రా.

అవతలి ఆయన వాళ్ళ కర్మాగారంలో లేతు మీద పనిచేస్తూ తల నెరిసిన పెద్దమనిషి. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏనుగును ఇస్తవేమో అని పానం గుంజుకుపోయింది తమ్మీ. ఇచ్చుంటే నీ బంటును ఆపేటందుకు నా తాన ఏం లేకుండె" అన్నాడు.

ఆట అయ్యాక క్యాంటీన్‌లో నా పై ఆయన ముందు అవే పావులు పేర్చి, ఏనుగును ఇచ్చేసి, బంటును చివరి గడికి నెట్టాను. నేను మంత్రిని అందుకోబోతుంటే ఆయన గుర్రాన్ని తెచ్చి అక్కడ పెట్టాడు.

"గుర్రం గడిల పడ్డది గద, గుర్రమే అయితది. మా నాయిన గట్లనే నేర్పిండు."

మా తాతయ్య నాకు నేర్పిందీ అదే. ఇళ్ళల్లో ఆట అంతే, ఏ గడి చేరితే ఆ గడి పావు. పోటీల్లో మంత్రిని కోరుకోవచ్చునని నేను తర్వాత నేర్చుకున్నాను. ఆయన నేర్చుకోలేదు. ఆ ఇంటి ఆటనే మిషన్‌కు నేర్పాడు, అందుకే దాని లెక్కలో నా బంటు మంత్రి కాలేదు. నా మొహం చూసి ఆయనకు అర్థమైంది.

"సార్‌కు చెప్పకు తమ్మీ. నా ఇజ్జత్ పోతది" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

నెలాఖరున మేనేజరు పిలిచారు. నా ఫైలు తెరిచి ఉంది, పెన్ను చేతిలో ఉంది.

"మిషన్ డ్రా అంది, డ్రానే అయింది. చూశావా!" అని మురిసిపోయారు. తర్వాత మామూలుగానే అడిగారు, "నిజం చెప్పు, నీకు వేరే ఎత్తేదైనా తోచిందా?"

నాలుగుసార్లు గెలిచిన ఆట నా గొంతు దాకా వచ్చింది. నా పై ఆయన మీద జాలితోనే ఆగానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు, పెన్ను కేసి చూసి ఆగాను.

"లేదండి" అన్నాను.

ఆయన సంతకం పెట్టారు.