కాటా గదికి పంపిన ప్రింటు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నల్లపాడు దారిలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నాకు పరీక్ష పెట్టారు. ఆఫీసు కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది నేనే. ప్రింటరేమో ఆవరణకు అవతల, లారీలు తూచే కాటా గదిలో, పాత విండోస్ కంప్యూటరుకు తగిలించి ఉంది. మధ్యలో వైరు లాగాం.

"ఇక్కడ నొక్కితే అక్కడ రసీదు రావాల. సాయంత్రంలోగా వస్తే రేపట్నించి నీకు ఉద్యోగం. రాకపోతే పాత సిస్టమే పెట్టించుకుంటా," అన్నారు ఓనరు గారు. డిగ్రీ అయ్యి ఇంట్లో మాటలు పడుతున్న నాకు ఆ ఉద్యోగం వస్తే ప్రాణం లేచొచ్చినట్టే.

కాటా గదిలో గుమాస్తా గారు కూర్చునేవారు. మంచి మనిషే, అదే నా ఖర్మ. ప్రింటరు పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ పేజీ పంపి కిటికీలోంచి కేకేశాను.

"వచ్చిందా అండీ?"

"రాలా!"

ప్రింటరును నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు మార్చాను. "రాలా!" ప్రింటరు పేరు మార్చాను, పాస్‌వర్డు మార్చాను. "రాలేదయ్యా, ఎన్నిసార్లు చెప్పాల!" తెర మీద మాత్రం ప్రింటు అయిపోయిందని చూపిస్తోంది. ఒళ్ళు మండిపోయింది. ఎండలో లారీలు చుట్టుకుని, మిరప ఘాటుకు తుమ్ముకుంటూ వెళ్ళి చూశాను కూడా. ట్రే ఖాళీ. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడం ఎందుకని, మధ్యాహ్నానికి కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేసి లినక్స్ మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. ఈసారి నా తెర మీద కాటా గది కంప్యూటరు కనపడటమే మానేసింది.

అప్పుడు గుమాస్తా గారు నా మీద జాలిపడి మిరపకాయ బజ్జీలు తెచ్చారు. బజ్జీల కింద కాగితం మీద గుండ్రటి చక్రం, పక్కన ఇంగ్లీషు ముక్కలు. నా టెస్ట్ పేజీ!

"ఇదెక్కడిదండీ?"

"పొద్దున్నించీ అయ్యే వస్తన్నయ్‌గా. ఒకవైపు తెల్లగా ఉంది, పారేయటం ఎందుకని తీసి సొరుగులో దాస్తన్నా."

"రాలేదన్నారు కదండీ!"

"రసీదు ఏది మరి? చక్రాలు వచ్చినయ్. రసీదు వస్తే నేను చెప్పనా?"

ఆయన నా తండ్రి వయసువాడు. అయినా నోటికొచ్చినట్టు అరిచాను. కాగితం మిగిల్చినవాడికి నా బతుకు మిగిల్చాలని తోచలేదా అన్నాను. ఆ కేకలకు ఓనరు గారు వచ్చారు. సంగతంతా విని, నూనె కారుతున్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే పొద్దున బానే పనిచేసిందన్నమాట. ఏదీ, ఇప్పుడు పంపు."

పంపాను. ఈసారి గుమాస్తా గారు పరిగెత్తుకెళ్ళి ప్రింటరు దగ్గరే నిలబడ్డారు. చక్రం కూడా రాలేదు.

"పనిచేసేదాన్ని చెడగొట్టిందెవరయ్యా?" అన్నారు ఓనరు గారు.

కాటా గది వైపు చెయ్యెత్తబోయాను. కానీ చెరిపింది గుమాస్తా గారు కాదు.

"నేనేనండీ," అన్నాను.

పాత సిస్టం పెట్టే మనిషికి ఆయన నా ముందే ఫోను చేశారు.