కుమ్మరి పురుగు పాట వినడానికి హుస్నాబాద్ వెళ్తే

తొలకరి సాయంత్రాల్లో పొలం గట్ల నుంచి ఆగకుండా వచ్చే మోత ఒక పురుగుదని తెలిసినప్పటి నుంచి, దాన్ని దగ్గరగా వినాలనిపించింది. మగ కుమ్మరి పురుగు బాకా మూతిలా విచ్చుకున్న బొరియ తవ్వి, అందులో రెక్కలు ఒకదానికొకటి రాసి మోగిస్తుంది. ఎగిరే ఆడ పురుగులకు ఆ పిలుపు దూరం నుంచే వినబడుతుంది. నా స్నేహితురాలి చిన్నమ్మ లచ్చవ్వకు హుస్నాబాద్ దగ్గర పొలం ఉంది. హైదరాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి, సిద్దిపేటలో మారి, మధ్యాహ్నానికి హుస్నాబాద్‌లో దిగాను. ఊరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. లచ్చవ్వ నారు ఒకసారి పోయిందని, మళ్లీ పోసిందని ఆటో డ్రైవరే చెప్పాడు.

నేను వెళ్లేసరికి ఆమె నారుమడిలో వంగి ఉంది. వాడిన మొలకను లాగి నా చేతిలో పెట్టింది. వేరు లేదు. పారల్లాంటి ముందుకాళ్లతో మట్టి తవ్వుకుంటూ పురుగులు వేళ్లు కొరికేస్తున్నాయి. మడి నిండా నీళ్లు పెడితే అవి పైకి తేలతాయి, కొంగలు ఏరుకుంటాయి. అందుకే మోటారు వేసింది. కొంగలు వాలుతుండగా పక్క చేను రాజయ్య వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“వదినె, నీ నీళ్లు నా పత్తిల పడుతున్నయి. మొలకలు మురిగితె ఎవలు జిమ్మెదారు?”

పురుగులు గట్టును కూడా తొలిచేశాయి. లచ్చవ్వ పరుగున వెళ్లి మోటారు ఆపింది. అయినా నీళ్లు కారుతూనే ఉన్నాయి, అడుగున మట్టి జారుతోంది. గట్టు తెగితే ఆమె నారూ, అతని పత్తీ రెండూ పోతాయి. నేను గట్టెక్కబోతే ఆమె చెయ్యి పట్టి ఆపింది.

“తొక్కకు బిడ్డా. లోపలంత డొల్ల.”

ముగ్గురం బురదలో కూర్చుని గట్టును తడిమాం. ఒకచోట నీళ్లు నా వేళ్లను లోపలికి లాగాయి. రాజయ్య అక్కడ పార దించాడు. విరిగిన పెళ్లలో చిన్న గది, దాన్నిండా గుడ్లు, వాటిని వదలని తల్లి పురుగు. దాని ఒంటికి మట్టి అంటలేదు. లచ్చవ్వ ఒక్క క్షణం చూసి, పెళ్లను కొంగల వైపు విసిరేసింది. బంకమట్టి కూరి, కాలితో తొక్కేసరికి ధార ఆగింది. రాజయ్య పత్తిలో రెండు సాళ్లు మునిగాయి. విత్తనాలు నేనిస్తానని ఆమె అంటే అతను తల అడ్డంగా ఊపాడు.

“గా ముచ్చట రేపు జూద్దాం. ముందు నీ నారు నిలవని.”

పొద్దు గుంకాక అవతలి గట్టు నుంచి పాట మొదలైంది. ఏ పక్క నుంచి వస్తోందని లచ్చవ్వ మెల్లగా అడిగింది. చూపించాను. పొద్దున్నే తవ్వి పురుగును తీయడానికి అక్కడ ఒక పుల్ల గుచ్చింది. నేను వినడానికే అంత దూరం వచ్చిన పాట అది. అయినా వేలు చూపడానికి వెనకాడలేదు. వేరు లేని ఆ మొలకను మధ్యాహ్నమే నా చేత్తో పట్టుకున్నాను.

మీరు వెళ్తే గట్లు తొక్కకుండా మడి అంచునే నిలబడండి. అడుగు చప్పుడైతే పాట ఆగిపోతుంది.