పండగ రోజు డ్యూటీ

గుంటూరు బ్రాడీపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో నేను చాలా ఏళ్ళుగా టెక్నీషియన్ని. చుట్టుపక్కలంతా నర్సింగ్ హోములే కాబట్టి మా ల్యాబు ఏ పండక్కీ పూర్తిగా మూతపడదు. మంచం మీద ఉన్న రోగికి పండగేముంది? అందుకని మాలో మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఉగాదికీ దసరాకీ నేనుంటాను. రంజానుకు ఎక్స్‌రే తీసే ఆయనకు, నేను అన్నయ్యా అని పిలిచే ఆయనకు, సెలవు. క్రిస్మస్‌కు నాకు సెలవు. ఎవరూ కాగితం మీద పెట్టుకున్నది కాదు గానీ ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. మా అమ్మ పోయిన ఏడాది ఆ ఏర్పాటును నేనే తప్పించాను.

అమ్మ ఆ ఎండాకాలంలో పోయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అప్పటిదాకా ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ ఇద్దరమే.

డిసెంబరు వచ్చిందంటే మా ల్యాబులో మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటలు మారిపోతాయి. వెనక గదిలో అందరం టిఫిను డబ్బాలు విప్పుకుని కూర్చుంటాం. ఆ ఏడు మా రిసెప్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఆగస్టులో పెళ్ళయింది. పుట్టిల్లు అద్దంకి దగ్గర పల్లెటూరు, అత్తగారిల్లు చీరాల, కాపురం ఇక్కడే. వాళ్ళూ మావాళ్ళే. అది తనకు అత్తగారింట్లో మొదటి క్రిస్మస్. ఇక చూడండి, ముద్ద నోట్లో పెట్టుకునే తీరిక కూడా ఉండేది కాదు ఆ పిల్లకి.

"మా ఆడపడుచులిద్దరూ పిల్లలతో వస్తారంట మేడం. ఇల్లంతా స్టార్లే కడతారంట. మా మావయ్యగారేమో పండగ ఆరాధనలో నన్ను పాట పాడమన్నారు. ఒక్కదాన్నే! చీరాలంతా అక్కడే ఉంటుందంట, నాకు ఇప్పట్నుంచే కాళ్ళు వణుకుతున్నాయి."

ఫోనులో చీర చూపించేది. ముదురు ఆకుపచ్చ, ఎర్ర అంచు. వాళ్ళత్తగారు చీరాల మగ్గాల వీధిలో దగ్గరుండి తీసుకున్నదట. జాకెట్టు చేతులు ఎంత పొడుగుండాలని నన్ను అడిగేది. నేను మోచేతి దాకా అన్నాను. ఆ రోజంతా అదే మాట అందరికీ చెప్పింది, మేడం మోచేతి దాకా పెట్టించుకోమన్నారని.

క్రిస్మస్‌కు ముందువారం మా డాక్టరు గారు ఏటా కేకు తెప్పిస్తారు. సెమీ క్రిస్మస్ అంటారు కదా, అదే. ఆవిడ రోజూ దేవుడి గదిలో దీపం పెట్టే మనిషే గానీ ఆ కేకు మాత్రం మానరు. ప్రార్థన నా వంతు. ఆ ఏడు రెండు మాటల్లో ముగించాను.

కేకు ముక్కలు పంచాక డాక్టరు గారు, "సరే, ఎవరెవరి ప్లాన్లేంటో చెప్పండి" అన్నారు.

అన్నయ్య ముందు చెప్పాడు. ఆయనా నేనూ ఒకే ఏడు చేరాం. పిల్లలకు సెలవులు కాబట్టి సూర్యలంక తీసుకెళ్ళమని గొడవ చేస్తున్నారట. "సముద్రంలో దిగేది వాళ్ళు, ఒడ్డున చెప్పులు కాపలా కాసేది నేను" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత మా కొత్త పెళ్ళికూతురు తన పాట సంగతి, స్టార్ల సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. చెబుతూ చెబుతూ నావైపు తిరిగింది.

"మరి మీరు మేడం? పండక్కి ఏం చేస్తున్నారు?"

అన్నయ్య కేకు ముక్క కేసి చూస్తున్నాడు. డాక్టరు గారు కప్పు ఎత్తి తాగకుండానే దించారు. పాపం, ఆ పిల్ల కొత్తది. మా అమ్మ సంగతి విన్నదే గానీ పండగ మోజులో గుర్తులేదు. నిజం చెప్పాలంటే నాకు తను అడగడమే బాగుంది. మిగతా వాళ్ళంతా నెల మొదట్నుంచీ నేను గదిలోకి రాగానే మాట మార్చేస్తున్నారు.

"నేను డ్యూటీ చేస్తాను" అన్నాను.

"అదేంటమ్మా, మీ పండగ నాడు మీరే డ్యూటీయా? నేనుంటాగా" అన్నాడు అన్నయ్య.

"మీరు చెప్పులు కాపలా కాయండి అన్నయ్యా" అన్నాను. మళ్ళీ నవ్వారు గానీ ఈసారి నవ్వు కొంచెమే వచ్చింది.

నాకు ఎందుకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదో చెప్పాలి. అమ్మ చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లులో పనిచేసేది. పత్తి సీజను, పండగ ఒకేసారి వస్తాయి. మిల్లు ఆగదు. కుంకుడుకాయలతో ఎంత రుద్ది తలంటుకున్నా అమ్మ జడలో ఎక్కడో ఒకచోట దూది నూగు ఉండేది. గుడిలో, అంటే మా చర్చిలో, ఆడవాళ్ళ వైపు వెనక కూర్చుని నేను దాన్ని ఒక్కొక్కటే ఏరుతుండేదాన్ని. ప్రసంగం మధ్యలో అమ్మ నా చేతిమీద మెల్లగా ఒక దెబ్బ వేసేది. నాకు ఉద్యోగం వచ్చాక గుంటూరు వచ్చేశాం. ఊరు మారినా అరిసెలు మానలేదు. అవి ఒక్క మనిషి వల్ల అయ్యే వంట కాదు. ఒకరు నూనెలోంచి తీస్తుంటే ఇంకొకరు వేడిమీదే చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. నూనె దగ్గర అమ్మ, చెక్కల దగ్గర నేను. ఆలస్యమైతే, "ఏందే, నిద్రపోతున్నావా? చల్లారితే నూనె దిగదే" అని కేకలేసేది.

ఇంకొకటి కూడా ఉంది. మా గుడిలో క్రిస్మస్ ఆరాధన చివర పాస్టరు గారు కుటుంబాల వారీగా పిలుస్తారు. ఇంటిల్లిపాదీ బల్ల దగ్గరకు వెళ్ళి కానుక వేసి నిలబడితే ఆయన ఆ కుటుంబం కోసం ప్రార్థన చేస్తారు. తాతలూ మనవలూ కోడళ్ళూ కలిసి బల్ల చుట్టూ చోటు చాలక నిలబడతారు. మేమిద్దరమే వెళ్ళేవాళ్ళం. అమ్మ నా కొంగు పట్టుకునేది. ఇద్దరమైనా కుటుంబం అనే మాట సరిపోయేది. ఒక్కదాన్నే వెళ్ళి నిలబడితే ఆ మాట పాస్టరు గారి నోట ఎలా వస్తుందో వినే ధైర్యం నాకు లేకపోయింది.

క్రిస్మస్ నాడు పొద్దున్నే ల్యాబు తెరిచాను. వీధిలో కోచింగ్ పిల్లలు లేరు, స్కూటర్లు లేవు. ఎక్కడో మైకులో పాటలు. పక్క ఆస్పత్రుల నుంచి కొన్ని శాంపిళ్ళు వచ్చాయి. అవి మిషన్లో పెట్టాక, కొత్త నేత చీర కట్టుకుని, తలనిండా చేమంతులు పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. మర్నాడు కంటి ఆపరేషన్ అట. పరగడుపున షుగరు చూపించుకు రమ్మన్నారట.

"పండగ పూట కూడా సూదేనంటమ్మాయ్? తెల్లారగట్ట గుడికి పొయ్యి, అటునుంచటే వచ్చా. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలా" అంది, చెయ్యి చాపుతూ.

"అయిపోయిందమ్మా, ఇంటికెళ్ళి హాయిగా తినేయండి" అన్నాను.

దూది అదిమిపట్టుకుని నన్నే చూసింది. నా మెళ్ళో చిన్న సిలువ గొలుసు కనిపించినట్టుంది.

"నువ్వూ మనోళ్ళేగా. మరి ఇంటికాడ వంటెవరు చేస్తన్నారు?"

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

"పిల్లల్లేరా?"

"లేరు."

"అమ్మ?"

"పోయింది. మొన్న ఎండాకాలంలో."

ఆమె అయ్యో అనలేదు, ఓదార్చలేదు. దూది తీసి చూసుకుని, "అమ్మ పోయినాక మొదటి పండగ రాకూడదమ్మాయ్, వచ్చిందాకా తెలీదు దాని సంగతి" అంది. తర్వాత చీర సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ మాటకు నేను కౌంటరు వెనక నిలబడి ఏడ్చాను. ఆర్నెల్లుగా మా ల్యాబువాళ్ళు ఎవరూ ఏమీ అనకుండా నన్ను కాపాడుతూ వచ్చారు. ఆమె అనేసరికి కట్ట తెగింది.

మధ్యాహ్నం కాబోతుండగా ఫోను మోగింది. మా రిసెప్షన్ అమ్మాయి.

"హ్యాపీ క్రిస్మస్ మేడం" అంది. గొంతు బొంగురుగా ఉంది.

"హ్యాపీ క్రిస్మస్ తల్లీ. పాట బాగా పాడావా?"

అటునుంచి వెక్కిళ్ళు వినపడ్డాయి. ఆరేసిన బట్టలు తెస్తానని చెప్పి డాబా మీదికి వచ్చిందట.

"రెండో చరణం మర్చిపోయానండి. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మా ఆడపడుచులు నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. ఊరికేలెండి, మంచోళ్ళే. కానీ పొద్దున్నుంచీ వాళ్ళ పాత పండగల కబుర్లే. ఏ ఏడాది ఎవరు స్టారు కడుతూ కింద పడ్డారు, ఎవరి కేకు మాడింది... నాకేమీ తెలీదు. నేను కూడా నవ్వుతూ కూర్చున్నా. ఇంట్లో అందరూ ఉన్నారు ఆంటీ, నేనే లేనట్టుంది."

మేడం అనేదల్లా ఆంటీ అన్నదని తనకు తెలుసో తెలియదో.

"అమ్మకి ఫోన్ చేశావా?"

"చేస్తే ఏడుస్తా. నేను ఏడిస్తే మా అమ్మ అన్నం తినదు."

అలవాటవుతుందిలే అనొచ్చు. అలాంటి మాటలు ఆ ఏడు నేను చాలా విని ఉన్నాను. అందుకే, "ఆ పాట ఇప్పుడు పాడు, వింటాను" అన్నాను.

"ఇక్కడా?"

"డాబా మీద ఎవరున్నారు? ఇక్కడ నేనొక్కదాన్నే. పాడు."

ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. సన్నని గొంతు. గాలికి బట్టలు టపటపలాడుతున్న చప్పుడు. మొదటి చరణం, తర్వాత రెండోది. ఒక్క మాట తప్పలేదు. నేను రిసెప్షన్‌లో ఆ పిల్ల కుర్చీలోనే కూర్చుని, ఎదురుగా ఖాళీ బెంచీలు చూస్తూ విన్నాను. ఆ ఏడు నేను విన్న క్రిస్మస్ ఆరాధన అదే. మూడో చరణంలో ఉండగా కింద నుంచి ఎవరో, "అమ్మాయ్, బట్టలు తేవడానికి ఇంతసేపా? భోజనాల బంతి లేస్తోంది, రా!" అని పిలిచారు. "వస్తున్నా అత్తయ్యా" అని ఫోను పెట్టేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళి స్నానం చేసి, పప్పు, అన్నం వండుకున్నాను. పక్కవాటా వాళ్ళు గిన్నెతో బిర్యానీ పంపించారు. అది కూడా తిన్నాను. టీవీ పెట్టి తీసేశాను. చీకటి పడక ముందే తలుపు వేసుకున్నాను.

సెలవులయ్యాక ఆ పిల్ల పెద్ద క్యారియరు నిండా కజ్జికాయలు తెచ్చింది. వెనక గదిలో అందరికీ ఫోటోలు చూపించింది. ఆకుపచ్చ చీర, ఇంటిమీద స్టార్లు, ఆడపడుచుల మధ్య తను. "భలే జరిగింది మేడం! ఇల్లంతా గోలే గోల" అంది. పాట ఎలా వచ్చిందని అన్నయ్య అడిగితే, "బానే వచ్చిందండి" అంది. ఒక్క క్షణం నాకేసి చూసింది. నేను కజ్జికాయ కొరుకుతూ, బాగా కుదిరాయన్నాను. సూర్యలంకలో అన్నయ్య చెప్పులే పోయాయట. అందరం పడీపడీ నవ్వాం. నేను కూడా నిజంగానే నవ్వాను.

ఎండలు ముదిరేసరికి వాళ్ళాయనకు నెల్లూరులో ఉద్యోగం వచ్చి ఆ పిల్ల వెళ్ళిపోయింది. మొదట్లో వారం వారం ఫోను చేసేది. తర్వాత కడుపుతో ఉందని చెప్పింది. తర్వాత నేనే చెయ్యడం తగ్గించాను, తన ఇంట్లో తను కుదురుకుంటోంది కదా అని.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. కేకు కోశాం, ప్రార్థన చేశాను, అందరూ ఎక్కడెక్కడికి వెళ్తున్నారో చెప్పుకున్నారు. మర్నాడు గోడమీద డ్యూటీ బోర్డు చూస్తే, క్రిస్మస్ తారీఖు ఎదురుగా నా పేరుంది. ఎవరూ అడగలేదు. తప్పు పట్టడానికేమీ లేదు, కిందటేడు నేనే కావాలన్నాను. కాసేపు అక్కడే నిలబడి, చేతి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళాను. అప్పటికే బెంచీ మీద పరగడుపున వచ్చిన వాళ్ళు ఎదురుచూస్తున్నారు.